వర్డ్‌ప్రెస్ దీర్ఘకాలిక మనుగడ

వర్డ్‌ప్రెస్ అనునది బ్లాగులను, జాలస్థలులను నిర్వహించుటకు ఉపయోగించే స్వేచ్ఛా సాఫ్టువేరు. ఇది పీహెచ్‌పీ భాషలో వ్రాయబడినది. టపాలను, వ్యాఖ్యలను మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో భద్రపరుస్తుంది. దీని మొదటి కూర్పు 0.7, 2003 మే 27న విడుదలైనది. డబ్ల్యు3టెక్స్ సర్వే లెక్కల ప్రకారం 2011 జనవరిలో ప్రపంచంలోని జాలస్థలులలో సుమారు 13 శాతం, 2018 జనవరిలో 29 శాతం, 2022 జనవరిలో 43 శాతం వర్డ్‌ప్రెస్‌పై నడిచినవి. ఆ తరువాతి మూడేళ్ళలో ఈ వాటా దాదాపు అక్కడే నిలిచిపోయినది.

ఇంత విస్తారంగా వాడుకలో ఉన్న సాఫ్టువేరు ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న చాలాకాలం ఎవరినీ పెద్దగా కలవరపెట్టలేదు. 2024 సెప్టెంబరులో మొదలైన వివాదం ఆ ప్రశ్నను ముందుకు తెచ్చినది. వర్డ్‌ప్రెస్ కోడుకు లైసెన్సు రక్షణ ఉన్నది. కాని ఆ కోడును ప్రతిదినం బ్రతికించే తాజాకరణల సర్వరు, పేరుపై హక్కు, జీతమిచ్చి పనిచేయించే సంస్థలు మాత్రం ఆ లైసెన్సు పరిధిలోకి రావు.

పుట్టుక

వర్డ్‌ప్రెస్ స్వయంగా ఒక పాడుబడిన సాఫ్టువేరు నుండి పుట్టినది. ఫ్రాన్సు దేశానికి చెందిన మిషెల్ వాల్‌డ్రిగి 2001లో బీ2 అనే బ్లాగు సాఫ్టువేరును తయారు చేసాడు. దీనినే కెఫెలాగ్ అని కూడా అనేవారు. 2002 చివరికి దాని అభివృద్ధి ఆగిపోయినది. నెలల తరబడి రచయిత నుండి ఉలుకూ పలుకూ లేదు. బీ2 వాడుతున్న వారిలో అమెరికాలోని హ్యూస్టన్‌లో చదువుకుంటున్న మాట్ ముల్లెన్‌వెగ్ ఒకడు. అప్పటికి అతని వయస్సు 19 ఏళ్ళు. బీ2 జీపీఎల్ లైసెన్సు క్రింద ఉన్నది కనుక ఎవరి అనుమతీ అడగకుండానే దానిని కొనసాగించవచ్చునని అతడు 2003 జనవరిలో వ్రాసాడు. ఇంగ్లండుకు చెందిన మైక్ లిటిల్ అందుకు చేయి కలిపాడు. వర్డ్‌ప్రెస్ అనే పేరును క్రిస్టీన్ సెలెక్ ట్రెమ్యులే సూచించినది. తరువాత వాల్‌డ్రిగి కూడా దీనినే బీ2కు అసలైన వారసునిగా గుర్తించాడు.

బీ2 నుండి చీలినది వర్డ్‌ప్రెస్ ఒక్కటే కాదు. బీ2ఎవల్యూషన్ అనే మరొక చీలికను ఫ్రాన్స్వా ప్లాంక్ ప్రారంభించాడు. అదే మూలం, అదే లైసెన్సు, దాదాపు అదే కాలం. అయినను దానికి వర్డ్‌ప్రెస్ పొందిన ఆదరణలో స్వల్ప భాగమైనను దక్కలేదు. లైసెన్సు బ్రతికే అవకాశాన్ని మాత్రమే ఇస్తుందనుటకు ఇది తొలి ఉదాహరణ.

మూవబుల్ టైప్ అనుభవం

2004 నాటికి బ్లాగు సాఫ్టువేర్లలో పెద్ద పేరు వర్డ్‌ప్రెస్‌ది కాదు, సిక్స్ అపార్ట్ సంస్థ 2001లో విడుదల చేసిన మూవబుల్ టైప్‌ది. అది వ్యక్తిగత వాడుకకు ఉచితంగా దొరికేది గాని, స్వేచ్ఛా సాఫ్టువేరు కాదు. 2004 మేలో 3.0 కూర్పుతో పాటు ఆ సంస్థ లైసెన్సు షరతులను మార్చినది. ఉచిత వాడుకను ఒక రచయితకు, మూడు బ్లాగులకు పరిమితం చేసినది. అప్పటివరకు పదుల బ్లాగులను ఒకే చోట నడుపుతున్నవారు డబ్బు చెల్లించవలసి వచ్చినది. సరిగ్గా అదే నెలలో వర్డ్‌ప్రెస్ 1.2 కూర్పు ప్లగిన్ల సౌకర్యంతో వెలువడినది. అలిగి బయటకు వచ్చిన బ్లాగరులు పెద్దసంఖ్యలో వర్డ్‌ప్రెస్‌కు చేరారు.

మూవబుల్ టైప్ యజమానులు చేసినది చట్టవిరుద్ధమేమీ కాదు, అన్యాయమని కూడా గట్టిగా అనలేము. తమ వస్తువుకు తాము ధర పెట్టుకున్నారు. ఆ నిర్ణయం నచ్చనివారికి కోడును తీసుకొని వేరుపడే దారి లేకపోవుటయే అసలు సమస్య. ఆ సంస్థ 2007 చివరలో ఒక జీపీఎల్ కూర్పును విడుదల చేసినను, 2013లో వచ్చిన 6వ కూర్పుతో ఆ ఏర్పాటును ముగించినది. అదే సంస్థ 2003లో ప్రారంభించిన టైప్‌ప్యాడ్ అనే బ్లాగుల సేవ తరువాత చేతులు మారి, 2025 సెప్టెంబరు 30న శాశ్వతంగా మూతపడినది. టపాలను దించుకొనుటకు వాడుకరులకు దొరికిన గడువు సుమారు ఒక నెల మాత్రమే.

పాతదానిని విడువని పద్ధతి

వర్డ్‌ప్రెస్ ఇన్నేళ్ళు నిలుచుటకు సాంకేతికంగా ముఖ్యకారణం దాని నిదానం. పదేళ్ళ క్రిందట వ్రాసిన ప్లగిన్ క్రొత్త కూర్పులో కూడా పనిచేయవలెనన్నది దీని అభివృద్ధిదారులు పట్టుదలగా పాటించిన నియమం. ఉదాహరణకు 2011 జూలైలో వచ్చిన 3.2 కూర్పుకు పీహెచ్‌పీ 5.2.4 ఉంటే చాలును. ఆ పీహెచ్‌పీ శ్రేణికి దాని తయారీదారులే అప్పటికి మద్దతు నిలిపివేసారు. అయినను ఆ కనీస అవసరాన్ని 2019 మే వరకు, అనగా దాదాపు ఎనిమిదేళ్ళు, పెంచలేదు. నిపుణులైన ప్రోగ్రామర్లు దీనిని వెనుకబాటుతనంగా ఎగతాళి చేసిన మాట నిజం. కాని చవక హోస్టింగుపై, ఏ సాంకేతిక పరిజ్ఞానమూ లేకుండా బ్లాగు నడుపుకొనే సామాన్యుని దృష్టిలో ఇదే పెద్ద ఉపకారం.

ద్రూపల్ సాఫ్టువేరు దీనికి భిన్నమైన మార్గం ఎంచుకున్నది. 2015 నవంబరులో వచ్చిన ద్రూపల్ 8, తన ముందటి 7వ కూర్పు కంటే పూర్తిగా వేరైన నిర్మాణంతో వెలువడినది. సాంకేతికంగా అది మెరుగైనదే. కాని 7 నుండి 8కి మారుట క్రొత్త జాలస్థలిని కట్టుకొనుటతో సమానమైనది. చాలామంది పాత కూర్పును వదలకపోవుటతో దాని గడువును పలుమార్లు పొడిగించి, చివరకు 2025 జనవరి 5న ముగించారు.

నిదానానికి మూల్యం కూడా ఉన్నది. పాత కోడు, వేలమంది వ్రాసిన ప్లగిన్లు కలసి దాడిచేసేవారికి అనువైన స్థలమవుతాయి. అందువలన 2013 అక్టోబరులో వచ్చిన 3.7 కూర్పు నుండి చిన్న భద్రతా మార్పులు యజమాని ప్రమేయం లేకుండానే తమంతట తామే చేరే ఏర్పాటు చేసారు. దీని విలువ 2017లో తెలిసినది. 4.7 కూర్పులో బయటివారు టపాలను మార్చివేయగల లోపం ఒకటి కనబడగా, సవరణను ముందు నిశ్శబ్దంగా పంపి, లోపం వివరాలను వారం తరువాత ప్రకటించారు. స్వయంచాలక తాజాకరణను నిలిపివేసుకున్న జాలస్థలులలో పది లక్షలకు పైగా పుటలు చెడగొట్టబడినవి. మిగిలినవారిలో చాలామందికి ఏమి జరిగినదో కూడా తెలియదు.

ఒకే ద్వారం

ఆ తాజాకరణలు అన్నియు ఒకే చోటినుండి వస్తాయి. వర్డ్‌ప్రెస్ స్థాపించిన ప్రతి జాలస్థలి క్రమం తప్పకుండా వర్డ్‌ప్రెస్.ఆర్గ్ సర్వరును సంప్రదించి, క్రొత్త కూర్పులేమైనా ఉన్నవా అని అడుగుతుంది. సుమారు 60 వేల ఉచిత ప్లగిన్లు, వేల అలంకారాలు అక్కడే ఉన్నవి. కోడు అందరిదీ అయినను, ఈ సర్వరు అందరిదీ కాదు.

ముల్లెన్‌వెగ్ 2005లో ఆటోమాటిక్ అనే వ్యాపార సంస్థను స్థాపించాడు. వర్డ్‌ప్రెస్.కామ్ ఆ సంస్థ నడిపే సేవ. 2010లో వర్డ్‌ప్రెస్ ఫౌండేషన్ ఏర్పడి, వర్డ్‌ప్రెస్ ట్రేడ్‌మార్కు దానికి బదిలీ అయినది. వాణిజ్యపరంగా ఆ పేరును వాడుకొనే హక్కు మాత్రం ఆటోమాటిక్‌కు లభించినది. వర్డ్‌ప్రెస్.ఆర్గ్ ఫౌండేషనుది అని చాలామంది అనుకొనేవారు. అది తన వ్యక్తిగత ఆస్తి అని ముల్లెన్‌వెగ్ 2024లో స్పష్టం చేసాడు.

2024 వివాదం

డబ్ల్యుపీ ఇంజిన్ అనునది వర్డ్‌ప్రెస్ జాలస్థలులకు హోస్టింగు సమకూర్చే సంస్థ. 2010లో ప్రారంభమైన ఈ సంస్థలో తొలినాళ్ళలో ఆటోమాటిక్ కూడా పెట్టుబడి పెట్టుట విశేషం. 2018లో సిల్వర్ లేక్ అనే పెట్టుబడి సంస్థ ఇందులో 25 కోట్ల డాలర్లు పెట్టినది. 2024 సెప్టెంబరు 20న పోర్ట్‌లాండ్‌లో జరిగిన సభలో ముల్లెన్‌వెగ్ ఈ సంస్థను తీవ్రంగా విమర్శించాడు. వర్డ్‌ప్రెస్ వలన లాభం పొందుతూ దాని అభివృద్ధికి తగినంత తోడ్పడుట లేదని అతని ఆరోపణ. ట్రేడ్‌మార్కు వాడుకకు ప్రతిఫలంగా రాబడిలో 8 శాతాన్ని నగదుగా గాని, ఉద్యోగుల పని రూపంలో గాని ఇవ్వవలెనని ఆటోమాటిక్ కోరినది. డబ్ల్యుపీ ఇంజిన్ నిరాకరించినది.

సెప్టెంబరు 25న వర్డ్‌ప్రెస్.ఆర్గ్ సర్వరు డబ్ల్యుపీ ఇంజిన్‌కు మూసివేయబడినది. ఆ సంస్థ ఖాతాదారులు తమ ప్లగిన్లను మామూలు పద్ధతిలో తాజాపరచుకోలేకపోయారు. ఇద్దరు వ్యాపారుల తగవులో ఏ పాత్రా లేని చిన్న దుకాణాలు, పాఠశాలలు, బ్లాగరులు నష్టపోయే పరిస్థితి ఏర్పడినది. మధ్యలో కొద్దిరోజులు నిషేధాన్ని సడలించారు. ఆలోగా డబ్ల్యుపీ ఇంజిన్ సొంత ఏర్పాటు చేసుకొని, అక్టోబరు 2న కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానంలో దావా వేసినది.

అక్టోబరు 12న జరిగినది ఇంతకన్న గంభీరమైన విషయం. ఇరవై లక్షలకు పైగా జాలస్థలులలో ఉన్న అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ అనే ప్లగిన్ డబ్ల్యుపీ ఇంజిన్‌ది. భద్రతా కారణాలు చూపి వర్డ్‌ప్రెస్.ఆర్గ్ దాని స్థానాన్ని స్వాధీనం చేసుకొని, పేరు మార్చి, తమ కూర్పును అక్కడ ఉంచినది. స్వయంచాలక తాజాకరణ పెట్టుకున్నవారికి తాము కోరకుండానే వేరొకరి కోడు చేరినది. 2017లో లక్షల జాలస్థలులను కాపాడిన ద్వారమే ఇది. ఎవరి చేతిలో తాళం ఉంటే వారి ఇష్టప్రకారం నడుచుట దాని స్వభావమని ఈ సంఘటనతో తేటతెల్లమైనది.

2024 డిసెంబరు 10న న్యాయమూర్తి అరసెలి మార్టినెజ్-ఓల్గిన్ మధ్యంతర ఉత్తర్వు జారీచేసి, పూర్వస్థితిని పునరుద్ధరించవలెనని ఆదేశించినది. ప్లగిన్ తిరిగి డబ్ల్యుపీ ఇంజిన్‌కు దక్కినది. అసలు వ్యాజ్యం 2025లోనూ కొనసాగినది.

పనిచేసేవారు

ముల్లెన్‌వెగ్ పద్ధతి ఎలాంటిదైనను అతడు లేవనెత్తిన ప్రశ్న నిజమైనదే. 2014లో అతడు, వర్డ్‌ప్రెస్‌పై ఆధారపడిన సంస్థలు తమ వనరులలో 5 శాతాన్ని దాని అభివృద్ధికి వెచ్చించవలెనని ప్రతిపాదించాడు. అది నైతిక విన్నపమే గాని నిబంధన కాదు. ఆచరణలో భారం అత్యధికంగా ఆటోమాటిక్ ఉద్యోగులపైననే పడినది.

ఒకే సంస్థపై ఆధారపడుటలోని అపాయం త్వరలోనే బయటపడినది. 2024 అక్టోబరులో, సంస్థ ధోరణి నచ్చనివారు పరిహారం తీసుకొని వెళ్ళవచ్చునని ఆటోమాటిక్ ప్రకటించగా 159 మంది వెళ్ళిపోయారు. 2025 జనవరిలో, అంతవరకు వారానికి వేల గంటలుగా ఉన్న తన తోడ్పాటును డబ్ల్యుపీ ఇంజిన్‌తో సమానంగా సుమారు 45 గంటలకు తగ్గించుచున్నట్లు ఆ సంస్థ ప్రకటించినది. ఏప్రిల్‌లో ఉద్యోగులలో 16 శాతం మందిని తొలగించినది. అదే నెలలో 6.8 కూర్పు విడుదలైన తరువాత ఆ ఏడాదికి మరొక పెద్ద కూర్పు ఉండదని మొదట అనుకున్నారు. మే నెలలో ఆటోమాటిక్ తిరిగి పనికి పూనుకొనుటతో డిసెంబరులో 6.9 వచ్చినది. లైసెన్సులో ఒక్క అక్షరం మారకుండానే అభివృద్ధి కొన్ని నెలలపాటు మందగించినదన్నమాట.

చీలికల శక్తి, పరిమితి

అసంతృప్తి కలిగినప్పుడు చీలి వేరుపడవచ్చునన్నది స్వేచ్ఛా సాఫ్టువేరు ఇచ్చే అంతిమ హామీ. 2018 డిసెంబరు 6న 5.0 కూర్పుతో గూటెన్‌బర్గ్ అనే క్రొత్త ఎడిటరు వచ్చినప్పుడు, అది నచ్చనివారు క్లాసిక్‌ప్రెస్ అనే చీలికను ప్రారంభించారు. అది 4.9 కూర్పు ఆధారంగా మొదలైనది. కాలక్రమేణ క్రొత్త ప్లగిన్లు దానిపై పనిచేయుట మానినవి. చివరకు దాని రెండవ కూర్పును వర్డ్‌ప్రెస్ 6.2 నుండి మళ్ళీ తీసుకోవలసి వచ్చినది. కోడును చీల్చుట ఒక్కరోజు పని. 60 వేల ప్లగిన్ల రచయితలను వెంట తీసుకొని పోవుట ఎవరివల్లా కాలేదు.

2025 జూన్‌లో లైనక్స్ ఫౌండేషన్ అండతో ప్రకటించబడిన ఫెయిర్ పథకం ఈ పాఠం నేర్చుకున్నట్లు కనిపిస్తుంది. అది వర్డ్‌ప్రెస్‌ను చీల్చదు. ప్లగిన్లు, తాజాకరణలు ఒకే సర్వరు నుండి కాక అనేక చోట్ల నుండి అందే మార్గాన్ని ప్రతిపాదించినది. వివాదం చూపిన బలహీనతకు సూటిగా తగిన చికిత్స ఇదే. అయితే ప్రతి ప్లగిన్‌ను పరిశీలించి, మోసపు కోడును ఏరివేసే పనిని అన్ని చోట్లా ఎవరో ఒకరు చేయవలసి ఉంటుంది. దానికి మళ్ళీ మనుషులు, డబ్బు కావలెను.

టపాల మనుగడ, తెలుగు బ్లాగులు

సాఫ్టువేరు బ్రతుకుట వేరు, అందులో వ్రాసినది బ్రతుకుట వేరు. వర్డ్‌ప్రెస్.కామ్ 2023 ఆగస్టులో 38,000 డాలర్లకు నూరేళ్ళ పథకం ఒకటి ప్రకటించినది. సంస్థ వయస్సు అప్పటికి 18 ఏళ్ళు. డొమైన్ పేరును ఒకేసారి పదేళ్ళకు మించి నమోదు చేసే వీలు కూడా లేదు.

2000ల దశకంలో యూనికోడ్ వ్యాప్తితో తెలుగు బ్లాగులు విరివిగా వచ్చినవి. కూడలి, జల్లెడ వంటి సంకలినులు వాటిని ఒకచోట చూపించేవి. ఆనాటి సొంత సర్వర్లపై ఉన్న బ్లాగులలో కొన్నింటికి ఒక చిక్కు ఉన్నది. డేటాబేసులో అక్షరాల సంకేతాన్ని పేర్కొనే అమరిక వర్డ్‌ప్రెస్‌కు 2007లో 2.2 కూర్పుతో వచ్చినది. అంతకు ముందు చాలాచోట్ల డేటాబేసు లాటిన్ సంకేతంలో ఉండి, తెలుగు పాఠం అందులోనే యూనికోడ్ బైట్లుగా నిలువ ఉండేది. సర్వరు మార్చినప్పుడు ఈ సంగతి గమనించకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలుగానో, అర్థంలేని గుర్తులుగానో మారుతుంది. ప్రశ్నార్థకాలుగా మారి భద్రమైన పాఠాన్ని తిరిగి రాబట్టలేము. పాత కాపీ ఒక్కటే గతి.

శాశ్వత లంకెల విషయమూ ఇట్టిదే. టపా పేరుకు డేటాబేసులో 200 అక్షరాల చోటు ఉంటుంది. లంకెలో ఒక్కొక్క తెలుగు సంకేతం తొమ్మిది అక్షరాలుగా విస్తరిస్తుంది కనుక ‘తెలుగు’ అన్న చిన్న మాటకే 54 అక్షరాలు పడతాయి. 22 సంకేతాలు దాటిన పేరు మధ్యలో తెగిపోతుంది. అక్షరదోషం సరిదిద్దుకున్నట్లు ఆ లంకెను తరువాత మార్చితే, బయటివారు ఇచ్చిన పాత లంకెలు విరిగిపోయే ప్రమాదం ఉన్నది.

వర్డ్‌ప్రెస్‌లోని ఎగుమతి సౌకర్యం టపాలను, వ్యాఖ్యలను ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుగా ఇస్తుంది. గూటెన్‌బర్గ్ ఎడిటరులో వ్రాసినవి కూడా సాధారణ హెచ్‌టీఎమ్‌ఎల్ రూపంలోనే నిలువ ఉంటాయి కనుక, వర్డ్‌ప్రెస్ లేని రోజున కూడా ఆ పాఠాన్ని చదువవచ్చును. బొమ్మలు మాత్రం ఆ ఫైలులోకి రావు. వాటి చిరునామాలు మాత్రమే వస్తాయి. పాత జాలస్థలి మూతపడిన తరువాత ఆ చిరునామాలు పనిచేయవు గనుక, బొమ్మలున్న అప్‌లోడ్స్ ఫోల్డరును విడిగా దించుకోవలసి ఉంటుంది.