‘దింపు’ ఎవరి మీద?

మామిడికుదురు ప్రాంతంలో కొబ్బరికాయను ఎవరూ కోయరు. వరి కోస్తారు, మామిడి కోస్తారు, తాటిచెట్టుకు కల్లు గీస్తారు. కొబ్బరిని మాత్రం దింపుతారు. ‘దిగు’ అనే క్రియకు ‘దించు’ అనీ, ‘దింపు’ అనీ రెండు రూపాలు వున్నా తోటలో చెల్లేది రెండోదే. పొయ్యి మీది కూరగిన్నెను దించిన ఇల్లాలే, పెరట్లో కాయ దింపు ఎప్పుడని అడుగుతుంది.

ఒక్క మాట ఎన్ని పనులు చేస్తున్నదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ‘రేపు దింపు’ అంటే పని. ‘దింపు పెరిగింది’ అంటే కూలి. ‘పోయిన దింపు కంటే ఈ దింపు తగ్గింది’ అంటే పంట. ‘రెండు దింపుల నాడు’ అంటే కాలం. కొబ్బరిచెట్టు ఇంచుమించు నెలకొక గెల వేస్తుంది. పూత విచ్చిన నాటి నుంచి కాయ ముదరడానికి ఏడాది పడుతుంది. అందుచేత నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి దింపు వస్తుంది. వరి రైతుకు సార్వా, దాళ్వా ఎలాగో కొబ్బరి రైతుకు దింపు అలాగ.

తోట దాటితే ఈ మాట ఇంకా దూరం పోయింది. మనిషిని బస్టాండులో దింపుతారు, ఎన్నికల్లో పోటీకి దింపుతారు, ముగ్గులోకి దింపుతారు. కొడుకు తండ్రి పోలికతో పుడితే అచ్చం దింపేశాడంటారు. పక్కవాడి పేపరు చూసి రాసిన కుర్రవాడు కూడా దింపేసినట్టే. పాడెను శ్మశానానికి మోసుకుపోతూ దారిలో కిందికి దించి, చెవిలో పేరు పెట్టి పిలిచే చోటుకు దింపుడు కళ్లం అని పేరు. అక్కడైనా పలుకుతాడేమోనన్న ఆశే దింపుడు కళ్లం ఆశ. దిగుబడి, దిగుమతి కూడా ‘దిగు’ బిడ్డలే. కొబ్బరి రైతు నోట దిగుబడి అనే మాటకు వున్నంత నిజమైన అర్థం మరొకరి నోట లేదు. అతని పంట నిజంగానే పైనుంచి దిగాలి.

అయితే ఈ మాటలో ఒక లోటు వున్నది. దింపాలంటే ముందు ఎక్కాలి. ఎక్కడం మాటలో ఎక్కడా లేదు. కాళ్లకు బంధం వేసుకుని, నడుముకు కత్తి దోపుకుని, దేశవాళీ పొడుగు చెట్ల మొవ్వు దాకా పాకిన మనిషి ఈ క్రియలో కనబడడు. వ్యాకరణం ప్రకారం తోట యజమాని ‘దింపించాం’ అనాలి. ఎవరూ అనరు. ‘నిన్ననే దింపాం’ అంటారు. ఇల్లు కట్టాను, బావి తవ్వాను అనడం వంటిదే ఇదీ. తప్పు పట్టవలసినంత తప్పు కాదు గాని, బేరం దగ్గర ఇది ఖరీదైన అలవాటు.

ఎందుకంటే కాయ ధర వెయ్యికి చెబుతారు, దింపు కూలి చెట్టుకు కడతారు. వంద చెట్ల తోటలో చెట్టుకు పది కాయలు దిగితే వెయ్యి కాయ. అయిదే దిగితే అయిదు వందలు. ఎక్కిన చెట్లు మాత్రం రెండుసార్లూ వందే. అంటే కాపు సగమైతే కాయ మీద పడే దింపు రెట్టింపవుతుంది. 2016లో దేశంలో మొదటిసారి కనబడిన సర్పిలాకార తెల్లదోమ తరువాత కోనసీమ తోటలకూ పాకింది. కాపు తగ్గిన తోటల్లో రైతు లెక్క ఇక్కడే తలకిందులవుతుంది. ధర కూడా పడిపోతే ‘దింపు కూడా గిట్టదు’ అని చెట్టునే వదిలేస్తాడు. కాయ ఎండి తనంతట తాను పడుతుంది. అది రాలిన కాయే గాని, దింపు లెక్కలోకి రాదు. 1996 నవంబరు 6 తుపాను పడగొట్టిన కాయ కూడా అంతే.

రైతుకు గిట్టని దింపు కూలివానికి గిట్టుతున్నదని అనుకోవడం కూడా పొరపాటు. చెట్టెక్కినవాడు కాయ కోసి ఊరుకోడు. ఎండు మట్టలు, పీచు లాగి మొవ్వు శుభ్రం చేస్తాడు. కొమ్ము పురుగు తొలిచిందో లేదో అతని కంటికే ముందు తెలుస్తుంది. ఇంతా ‘దింపు’లో కలిసిపోయింది, దీనికి వేరే పేరూ లేదు, వేరే ధరా లేదు.

అప్పనపల్లి బాల బాలాజీ ఆలయానికి ఆద్యుడైన మొల్లేటి రామస్వామి కొబ్బరి వర్తకుడే. ఈ వ్యాపారం ఇక్కడ దేవుడి దాకా అల్లుకున్నది. అంబాజీపేట మార్కెట్ ధరల పట్టికలో కురిడీకి గండేరా, గటగట అని వేర్వేరు ధరలుంటాయి. పచ్చికాయకు ఒకటి, ముక్కుడు కాయకు ఒకటి. కాయలో ఇన్ని భేదాలు పెట్టిన వ్యాపారం దింపును మాత్రం పట్టికకు బయటే వుంచింది. దింపు కొనేవాడి మీదా, అమ్మేవాడి మీదా అన్నది ముందే తేల్చకపోతే లెక్క కట్టేనాడు రెండువైపులా గొంతులు లేస్తాయి. వెయ్యికి ఇంత అని ఒక్క మాటతో సరిపెట్టడం మాని, కాయ ధర వేరుగా, ఎక్కిన చెట్ల సంఖ్యా దింపూ వేరుగా, ఒలుపూ మోతా వేరుగా చీటీ మీద రాసుకోవడం ఉత్తమం. పావు కాగితం చాలు.

కొబ్బరి అభివృద్ధి బోర్డు చెట్టెక్కేవారి కోసం కేర సురక్ష అనే ప్రమాద బీమా పెట్టింది. వానల్లో నాచు పట్టిన మాను ఎంతటి అనుభవశాలినైనా జార్చగలదు. ఊళ్లో దింపుకు వెళ్లేవారిలో ఈ బీమా ఎవరికి వున్నది, ఎవరికి లేదు అన్నది ప్రతి తోట యజమానీ వచ్చే దింపు లోపల అడిగి తెలుసుకోవాలి. ఆ కాగితంలో వుండవలసింది చెట్టెక్కే మనిషి పేరు. ‘దింపాం’ అన్నవారిది కాదు.