చార్మినార్ కాడ మన ఫొటో

"కూలికి పిలిస్తే ఒక్కరు దొరకరు. చార్మినార్ కాడ ఫొటోలు దిగేటందుకు మాత్రం ఇంటిల్లిపాది దొరుకుతరు."

మా ఊరి పెద్దమనిషి ఒకాయన హోటల్ కాడ చాయ్ తాగుకుంట నలుగురి ముందర అన్న మాట ఇది. ఆయన పేరు రాయను. రాయాల్సిన పని కూడా లేదు. మీ ఊళ్లో ఆయన వేరే పేరుతో ఉంటాడు.

జరిగింది చెప్తాను. మా బిడ్డ పదో తరగతి పాసైంది. ఆ సంతోషంతో ఎండాకాలం సెలవుల్లో నేను, మా ఇంటామె, బిడ్డ, కొడుకు, మా అవ్వ కలిసి రెండు రోజులు హైదరాబాద్ చూసొచ్చాం. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ తీసేశారు కాబట్టి దారిఖర్చు నాకూ కొడుక్కే అయింది. సద్దిమూట కట్టుకుపోయాం. చుట్టాల ఇంట్లో పడుకున్నాం. తిరిగొచ్చాక బిడ్డ ఇరవై ఫొటోలు ఏరి ఊరోళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

ఆ గ్రూపులో ఇట్లాంటి ఫొటోలు కొత్త కాదు. తిరుపతి పోయినోళ్లు పెడతారు. ఊటీ పోయినోళ్లు పెడతారు. కొడుకు దగ్గరికి అమెరికా పోయినోళ్లు నెల రోజులు పెడతారు. అందరూ "బాగుంది, బాగుంది" అంటారు. మేమూ అన్నాం. మా వంతు వచ్చేసరికి చాయ్ హోటల్ కాడ ఈ మాట పుట్టింది. మాట వాడకు చేరింది. బిడ్డ విన్నది. రాత్రికి రాత్రి ఆ ఇరవై ఫొటోలూ తీసేసింది.

పెద్దమనిషి మాటకు నాకు కోపం వచ్చింది. బిడ్డ ఫొటోలు తీసేసినందుకు మాత్రం ఏడుపొచ్చింది. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆ మాటను కొంచెం విప్పి చూడండి. అందులో ఫొటో సంగతి ఏమీ లేదు. ఉన్నదంతా పని సంగతే. మన ఒళ్లు ఆయన పొలంలో కనబడాలి. ఆయన ఇంటి ముందర కనబడాలి. సంవత్సరంలో రెండు రోజులు మన కోసం మనం తిరిగితే, అవి ఆయన దగ్గర ఎత్తుకొచ్చిన రోజులన్నట్టు మాట్లాడతాడు. వెట్టిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. కాగితం మీది వెట్టికే ఆ చట్టం. చూసే కళ్లలో ఉన్న వెట్టిని ఏ చట్టం రద్దు చేస్తుంది?

మన తాతలు పట్నం చూడలేదా? చూశారు. కరువొచ్చినప్పుడు మూటా ముల్లె నెత్తిన పెట్టుకొని పోయారు. రాళ్లు కొట్టారు, మట్టి తవ్వారు, అడ్డా మీద నిలబడ్డారు. పట్నంలో ఉండి కూడా గోల్కొండ ఎక్కనోళ్లు, మ్యూజియం గడప తొక్కనోళ్లు ఎంతమందో! పనికి పోయినోడిది వలస. చూడబోయినోడిది యాత్ర. మనకు ఎప్పుడూ మొదటిదే రాసిపెట్టారు.

బాబాసాహెబ్ కూడా ఒకసారి యాత్రకు పోయారు. ఇది మన పిల్లలకు తప్పకుండా చెప్పాలి. 1934లో ఉద్యమంలో పనిచేసే సహచరులు ఊర్లు చూడబోదాం, మీరూ రండి అన్నారు. సరేనన్నారు. ముప్పై మంది దాకా బయల్దేరారు. వేరుల్ బౌద్ధ గుహలు చూడాలని వాళ్ల ఆశ. దారిలో దౌలతాబాద్ కోట. ఇప్పుడది మహారాష్ట్రలో ఉంది, అప్పుడు మన నిజాం రాజ్యంలో ఉండేది. దుమ్ము కొట్టుకుపోయిన ఒళ్లు. కోట గుమ్మం దగ్గర నీళ్ల తొట్టి నిండుగా ఉంది. కాళ్లూ మొహాలూ కడుక్కున్నారు. అంతే! అంటరానోళ్లు నీళ్లను మైల చేశారని ఒక ముసలాయన అరుచుకుంటూ ఉరికొచ్చాడు. జనం పోగయ్యారు. తిట్లు లంకించుకున్నారు. చివరికి కోట చూడనిచ్చారుగానీ, లోపల ఎక్కడా నీళ్లు ముట్టకుండా కాపలాకు తుపాకీ పట్టిన సిపాయిని వెంట పంపారు. ఆ ముసలాయన ముస్లిం. కులం అనే విషం ఏ మతం గడప దగ్గరా ఆగదని బాబాసాహెబ్ తన అనుభవాల్లో ఈ సంగతి రాసిపెట్టారు. విదేశాల్లో చదివొచ్చిన పెద్ద పండితుడు, స్నేహితులతో కోట చూడబోతే దక్కిన మర్యాద అది! ఆ యాత్ర మన చేతికి ఫొటోగా రాలేదు, గాయంగా వచ్చింది.

కాబట్టి తొంభై ఏండ్ల తర్వాత మన ఇంటోళ్లు గోల్కొండ మెట్ల మీద నవ్వుకుంటూ నిలబడి దిగిన ఫొటో ఉందే, అది సోకు కాదు. దాని వెనకాల దౌలతాబాద్ ఉంది.

ఇంకో సంగతి. మా అవ్వ ఆ ఫొటోలు చూసి మురిసింది. మురిసి, ఎమ్మటే కండ్లల్ల నీళ్లు పెట్టుకుంది. "మీ నాయినది గిసొంటి ఫొటో ఒక్కటన్న లేకపాయె కొడుకా" అన్నది. నిజమే. నాయిన చనిపోయినంక గోడకు పెట్టడానికి ఇల్లంతా వెతికితే దొరికింది ఓటరు కార్డు ఒక్కటే. దాని మీది బొమ్మను స్టూడియోలో పెద్దది చేయించాం. అందులో నాయిన భయపడుతూ చూస్తుంటాడు. ఆఫీసులో కుర్చీ మీద కూర్చోబెట్టి "కదలకు" అంటే కదలకుండా ఉన్న మొహం. నవ్వే నాయిన నాకు గుర్తున్నాడు. నా పిల్లలకు మాత్రం భయపడే తాతే తెలుసు. మన వాడల్లో ఎన్ని ఇండ్ల గోడల మీద ఇట్లాంటి కార్డు ఫొటోలే వేలాడుతున్నాయో మీరే లెక్కపెట్టండి. సర్కారుకు అవసరమైతే ఫొటో తీసింది. మన సంతోషం ఎవరికీ అవసరం కాలేదు, తీయలేదు.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సిన సంగతులు కూడా ఉన్నాయి. ఉద్యమంలో నాతో పనిచేసే తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, నువ్వు పెట్టిన ఫొటోలు పట్నం పోలేని ఇండ్ల పిల్లలు చూస్తే ఏమనుకుంటరు? మనం గూడ పెద్దోళ్ల లెక్క చూపించుకునుడేనా?" పెద్దమనిషి మాటకు జవాబు చెప్పడం తేలిక. తమ్ముడి మాటకు కష్టం. అతను అడిగింది న్యాయమే. మన ఫొటో పక్కింటి పిల్ల మనసును చిన్నబుచ్చితే, చాయ్ హోటల్ పెద్దమనిషికీ మనకూ తేడా ఏముంటుంది?

అందుకని ఆ ఇరవై ఫొటోలు మళ్లీ ఒక్కొక్కటి తీసి చూశాను. చార్మినార్ ముందర నాలుగు. 1591లో కులీ కుతుబ్ షా కట్టించాడని అక్కడ అందరూ చెప్తారు. కట్టించినోడి పేరు చెప్తారు, రాయి మోసినోడి పేరు చెప్పరు. మేమూ అడగలేదు. గోల్కొండలో ఆరు. అవ్వ మెట్లెక్కలేక కింద గుమ్మం దగ్గరే ఉండి చప్పట్లు కొట్టింది. పైన బాలాహిసార్ కాడ నా కొడుక్కు వినపడింది. కింద ఉన్నోళ్ల చప్పుడు పైనోళ్లకు వినపడేటట్టు నాలుగు వందల ఏండ్ల కిందనే కట్టగలిగారు. మన గ్రామ పంచాయతీల్లో ఆ విద్య ఇంకా రాలేదు! సాలార్‌జంగ్ మ్యూజియంలో మూడు. గంట కొట్టే గడియారం ముందర జనం బారులు తీరి కూర్చుంటారు. గంట కాగానే చిన్న బొమ్మ బయటికొచ్చి కొడుతుంది. అవ్వ పక్కన కూర్చున్నామెను "నువ్వెవలు" అని ఎవరూ అడగలేదు, అవ్వనూ అడగలేదు. అంటే పట్నంలో కులం లేదని కాదు. కిరాయికి ఇల్లు అడిగి చూడండి, తెలుస్తుంది.

హుస్సేన్‌సాగర్ కాడ ఐదు. నీళ్ల నడుమ బుద్ధుడు. భువనగిరి దగ్గరి రాయగిరి రాయి అది. 1990 మార్చిలో నీళ్ల మీద తరలిస్తుంటే విగ్రహం మునిగిపోయింది, మనుషుల ప్రాణాలు పోయాయి. బయటికి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. ఒడ్డున 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించింది. ట్యాంక్‌బండ్ మీద విగ్రహాల వరుసలో మన జాషువా కూడా ఉన్నాడు. ఆయన ముందర నుంచే నడిచిపోయాం, ఒక్క ఫొటో దిగలేదు. చివరి రెండు ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందర. 1953 జనవరి 12న బాబాసాహెబ్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చిన విశ్వవిద్యాలయం అది. ఆ మెట్ల మీద అవ్వ మా బిడ్డను "ఈడ సదువుకుంటవా?" అని అడిగింది. ఆ ఫొటో ఒక్కటి చాలు మా ఖర్చు వసూలు కావడానికి.

ఇరవైలో లేని ఫొటో ఒకటుంది. భాగ్యరెడ్డివర్మ 1910లో మన పిల్లలకు చదువు చెప్పించడం మొదలుపెట్టిన ఇసామియా బజారు. చార్మినార్ చూసిన కాళ్లకు అది దూరం కాదు. మాకు తోచలేదు. చూడాల్సిన స్థలాల పట్టీ ఎవరో రాసిస్తే, దాని వెంటబడి పోయాం. మన పట్టీ మనం రాసుకోలేదు. ఆ తప్పు పెద్దమనిషిది కాదు, నాదే.

అన్నలారా, అక్కలారా! నేను చెప్పదలుచుకున్నది ఇది. ఊరు చూడబోండి. జంకు లేకుండా ఫొటోలు దిగండి, దిగినవి పంచుకోండి. కానీ ఫోనులో పడేసి ఊరుకోవద్దు. ఫోను పగిలితే ఫొటో పోతుంది, మళ్లీ ఓటరు కార్డే గతి. నాలుగైదైనా కాగితం మీద అచ్చు వేయించండి. వెనక పేర్లు, ఊరు, తేదీ రాయండి. అవ్వల పేర్లు తప్పకుండా రాయండి. ఒక సాయంత్రం వాడలో కూర్చొని అందరికీ చూపండి, ఆ చోటు కథ చెప్పండి. చూసిన పిల్లల్లో పోవాలనే ఆశ పుడితే, వచ్చే యాత్రలో వాళ్లను వెంటబెట్టుకుపోండి. తమ్ముడి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదొక్కటే.

మేము మొదలుపెట్టాం. ఐదు ఫొటోలు అచ్చు వేయించాం. నాయిన ఫొటో పక్కన ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీది అవ్వ ఫొటో పెట్టాం. దసరా సెలవులకు వాడ నుంచి పదిహేను మంది పిల్లలను తీసుకుపోవాలని అనుకున్నాం. మొదటి ఫొటో ఇసామియా బజారులోనే.

మొన్న రాత్రి బిడ్డ ఆ ఇరవై ఫొటోలు మళ్లీ గ్రూపులో పెట్టింది. ఈసారి తీసెయ్యలేదు.

జై భీమ్!