నింపే ముందు వినాలి

కోనసీమ, నరసాపురం ప్రాంతాల నేల కింద నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా గ్యాస్ తోడుతూనే ఉన్నారు. ఖాళీ అవుతున్న ఆ రాతి పొరల్లో, వాటి దరిదాపుల్లోని ఉప్పునీటి పొరల్లో పరిశ్రమల కార్బన్ డయాక్సైడును దాచవచ్చన్న ఆలోచన ఇప్పుడు బలపడుతోంది. దీనికి నీతి ఆయోగ్ 2022లోనే విధాన పత్రం వెలువరించింది. దేశంలో అనువైన చోట్ల జాబితా వేస్తే కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌ను వదిలేయడం కష్టం. ఇక్కడ ఆ పని ఇంకా మొదలు కాలేదు. షరతులు పెట్టడానికి ఇదే అదను. వాటిలో మొదటిది: ఒక్క టన్ను లోపలికి దించకముందే గోదావరి డెల్టా అంతటా భూప్రకంపనలను నమోదు చేసే కేంద్రాలు రావాలి, వాటి నిర్వహణ వాయువు దించే సంస్థ చేతిలో ఉండకూడదు.

ముందే ఎందుకంటే, లోతు పొరల్లోకి ఏ ద్రవాన్ని, వాయువును ఎక్కించినా రాతి రంధ్రాల్లో పీడనం పెరుగుతుంది. అప్పటికే ఒత్తిడిలో ఉన్న పగులు దానివల్ల జారవచ్చు. జలాశయం నీటి బరువూ పీడనమూ భూకంపాన్ని ప్రేరేపించగలవని 1967లో మహారాష్ట్రలోని కోయనా చూపింది. గోదావరి లోయ కూడా నిశ్చలమైనదేమీ కాదు. 1969లో భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబరులో ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది. రేపు వాయువు ఎక్కించడం మొదలయ్యాక అమలాపురం దగ్గర నేల అదిరితే, అది ఎప్పటినుంచో ఉన్న అలజడా, పీడనం తెచ్చిన కొత్త కదలికా అన్నది తేల్చాలంటే పాత రికార్డు కావాలి. ఆ రికార్డును తర్వాత తయారు చేసుకోలేం. నార్వేలోని సముద్ర గ్యాస్ క్షేత్రం స్లైప్నర్‌లో 1996 నుంచి ఏటా పది లక్షల టన్నుల దాకా కార్బన్ డయాక్సైడును దాచారు. వాయువు సముద్రగర్భం కింద ఎటు పాకుతోందో అక్కడ చూడగలిగారంటే, 1994 నాటి ప్రతిధ్వని తరంగాల సర్వే చేతిలో ఉండబట్టే.

అయితే స్లైప్నర్ పద్ధతిని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకుంటే చాలదు. అక్కడ ఉప్పునీటిని పక్కకు నెట్టి వాయువు చేరింది కాబట్టి ప్రతిధ్వని తరంగాల్లో తేడా స్పష్టంగా కనిపించింది. గ్యాస్ తీసేసిన పొరలో కొంత మీథేన్ మిగిలే ఉంటుంది, దాని మధ్య కొత్త వాయువు జాడ పట్టుకోవడం కష్టం. ఆస్ట్రేలియాలోని ఆట్‌వే ప్రయోగంలో ఎదురైన చిక్కు ఇదే. రాజమండ్రి దగ్గర కాతేరు, అవతలి గట్టున పంగిడి, గౌరీపట్నం ప్రాంతాల నల్లరాతిలో దాచాలన్నా సులువు కాదు. ఐస్‌లాండ్‌లో అలాంటి బసాల్టు రాతిలో వాయువు రెండేళ్లలోనే ఖనిజంగా మారిందన్నది నిజమే. కానీ గట్టి రాతిలో తరంగాల తేడా సన్నగిల్లుతుంది, కాబట్టి అక్కడ రసాయన జాడలపైనే ఎక్కువగా ఆధారపడ్డారు. పైగా డెల్టా మీద పరుచుకున్న మెత్తటి ఒండ్రు చిన్న ప్రకంపనలను మింగేస్తుంది, లారీల రొద మిగతాది కప్పేస్తుంది. కనుక పరికరాలను నేల మీద కాక లోతైన బావుల్లో అమర్చాలి. వాడకంలో లేని బావులు కొన్ని దీనికి పనికొస్తాయి. మిగిలిన పాత బావుల మూతలు గట్టిగా ఉన్నాయో లేదో కూడా ముందే పరీక్షించాలి. దాచిన వాయువుకు పైకి రావడానికి అన్నిటికంటే దగ్గరి దారి అవే.

కార్బన్ డయాక్సైడు మండదు, కోనసీమలోని పాశర్లపూడి గ్యాస్ బావి ప్రమాదంతో పోలిక ఏమిటని కొందరు అడుగుతారు. సబబైన ప్రశ్నే. 1995లో అక్కడి బ్లోఅవుట్ రెండు నెలలకు పైగా మండింది. ఇది అలా మండదు. కానీ గాలి కంటే బరువైన ఈ వాయువు భారీగా బయటపడితే పల్లంలో నిలుస్తుంది, డెల్టా అంతా పల్లమే. ఇంత నిఘా ఖర్చు ఎవరు మోస్తారన్నది రెండో అభ్యంతరం. స్పెయిన్‌లో కాస్టర్ అనే గ్యాస్ నిల్వ కేంద్రం 2013లో వరస ప్రకంపనలతో ఆగిపోయింది, కంపెనీకి ప్రభుత్వం 135 కోట్ల యూరోల పరిహారం చెల్లించాల్సి వచ్చింది. దాని ముందు పరికరాల ఖర్చు ఏపాటిది? ప్రతి చిన్న అదురునూ బయటపెడితే జనం బెదిరిపోతారన్నది మూడోది. అమెరికాలోని కార్బన్ నిల్వ కేంద్రం డెకేటర్‌లో వేలాది సూక్ష్మ ప్రకంపనలు నమోదైనా, దాదాపు అన్నీ మనిషికి తెలియనంత చిన్నవి. ఆ సంగతి ముందే చెబితే భయం తగ్గుతుంది. 2014లో కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలుడు ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ దుర్ఘటన చూసిన ప్రాంతంలో ఇక దాపరికమే అసలైన భయహేతువు.

ఈ నిల్వనే వద్దనడం నా వాదన కాదు. సముద్రమట్టం పెరిగితే మొదట మునిగేది మన తీరమే, కార్బన్ తగ్గడం మనకే ఎక్కువ అవసరం. అందుకే అనుమతి పత్రంలో నాలుగు మాటలు ఉండాలి. వాయువు ఎక్కించడానికి కనీసం రెండేళ్ల ముందు నుంచి హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వంటి స్వతంత్ర సంస్థ ప్రకంపనలను నమోదు చేయాలి. ఏ తీవ్రత దాటితే పని ఆపాలో ముందే రాసి పెట్టాలి. లెక్కలు ఎప్పటికప్పుడు తెలుగులో గ్రామసభలకు అందాలి. బావి మూసేశాక కూడా నిఘాకయ్యే డబ్బును కంపెనీ ముందే జమ చేయాలి. వీటికి ఒప్పుకోని ప్రాజెక్టుకు గోదావరి జిల్లాల ప్రజాప్రతినిధులు సంతకం పెట్టకూడదు.