పది ఆటలు, రెండు గెలుపులు

మగపిల్లల బంతియాటలతో మనకేమి పనియని మీరనవచ్చును. కుమారుడు మోకాలు గీచికొని వచ్చినపుడు పసుపద్దుటతోనే మనకు వానితో సంబంధము తీరునని మేమును తలచుచుంటిమి. అమెరికాలోని యొక కళాశాల జట్టు చరిత్ర తెలిసికొన్న పిదప ఆ తలంపు మారినది. కావున ఈ నెల దానినే మీ ముందుంచుచున్నాము.

పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున, ఒహాయో నదీతీరమున, హంటింగ్‌టన్ అను పట్టణము కలదు. అచ్చటి మార్షల్ విశ్వవిద్యాలయము వారి ఫుట్‌బాలు జట్టన్న ఊరివారికెల్ల అభిమానము. ఆ దేశమున ఫుట్‌బాలనగా మనమెరిగిన కాలిబంతి కాదు. కోలగానుండు బంతిని చేతబట్టి, అడ్డువచ్చువారిని త్రోసికొని పరుగెత్తునట్టి ఆట.

1970 నవంబరు 14వ తేదీన ఆ జట్టు ఉత్తర కెరొలీనాకు పోయి, ఈస్ట్ కెరొలీనా జట్టు చేతిలో 17-14తో ఓడి, ఆ సాయంకాలమే విమానమున మరలివచ్చుచుండెను. వాన, మబ్బు. ఊరు చేరువైన వేళ విమానము కొండచరియపై కూలినది. అందలి 75 మందిలో నొక్కరును బ్రతుకలేదు. ఆటగాండ్రే 37 మంది. తక్కినవారు శిక్షకులు, విమానోద్యోగులు, జట్టునకు ప్రోత్సాహమీయ వెంటనేగిన పురప్రముఖులు. ఆ ప్రముఖులలో కొందరు భార్యాసమేతముగ వెళ్లియుండిరి. ఆ యొక్క రాత్రి 70 మంది బిడ్డలు తల్లినో తండ్రినో కోల్పోయిరి. వారిలో 18 మందికి ఇరువురును లేకపోయిరి. గుర్తింపరాని ఆరుగురు యువకులను ఊరి మీది కొండపై ప్రక్కప్రక్కనే పూడ్చిరి.

ఆట నిక మాన్పించుటయే మేలని తలచిన పెద్దలు లేకపోలేదు. జట్టు నిలువవలెనని విద్యార్థులు పట్టుపట్టిరి. 1971లో జాక్ లెంగ్యెల్ అనునతడు ప్రధాన శిక్షకుడుగ వచ్చెను. ఆడుటకు మనుష్యులేరి? ఆనాటి నియమముల ననుసరించి మొదటి సంవత్సరపు విద్యార్థులు పెద్దజట్టున ఆడరాదు. వీరికి ప్రత్యేకానుమతి లభించెను. గాయములచే ఆ ప్రయాణమునకు పోనివారును, ఇతరక్రీడల నాడువారును, ఈ క్రొత్తవారును కలిసి జట్టైరి.

సెప్టెంబరు 18వ తేదీ మొదటియాటలో 29-6తో ఓడిరి. 25వ తేదీన స్వంత యూరిలో జేవియర్ జట్టుతో ఆట. కట్టకడపటి క్షణమున రెగ్గీ ఆలివర్ విసరిన బంతిని టెర్రీ గార్డ్నర్ అందుకొని గీటు దాటెను. 15-13తో గెలుపు! ఆట ముగిసినను జనము చాలసేపు కదలలేదట.

ఆ పిదప? ఆ యేడు మరి యొక్క గెలుపే. మొత్తము పదింట ఎనిమిది ఓటములు. ఓటములకంటె గెలుపులు మించిన సంవత్సరము 1984 వరకు రాలేదు. జాతీయస్థాయి విజయము 1992 నాటి మాట.

మన యిండ్లలో ఒకరు పోయినపుడు పొయ్యి వెలుగదు. ఇరుగుపొరుగు వండి తెత్తురు. మరల పొయ్యి రాజేయు దినమొకటి వచ్చును. ఆనాడు అన్నము మాడవచ్చును, పప్పున ఉప్పు మరువవచ్చును. “అప్పుడే వంటకు లేచినదా?” యని నొసలు చిట్లించువారు నుందురు. ఆ యిల్లాలు పోయినవానిని మరచి లేచినది కాదు. ఉన్న బిడ్డల ఆకలికి లేచినది. ఆనాటి వంటకు రుచి యెంచువారెవరు? ఆ జట్టు గెలుపులును అట్లే యెంచరానివని మా యభిప్రాయము.

అందరి దుఃఖమునకును ఒకే కొలత లేదు. రెడ్ డాసన్ అను ఉపశిక్షకుడు ఆనాడు కారులో బయలుదేరుటచే బ్రతికెను. ఆయన 1971లో జట్టును నిలుపుటకు తోడ్పడి, పిదప శిక్షకవృత్తినే విడిచెను. లేచి సాగినవారిని కఠినులనియు, సాగలేనివారిని దుర్బలులనియు మనమనరాదు.

ఆ విద్యాలయ ప్రాంగణమున స్మారకముగ నొక నీటిబుగ్గ కలదు. ఏటేట నవంబరు 14వ తేదీన మృతుల పేర్లు చదివి దానిని ఆపివేయుదురు. శీతకాలమెల్ల అది మౌనముగనుండును. వసంతమున మరల విడుతురు. మన పొరుగున దుఃఖముననున్న యింటికి అన్నము గొనిపోవు సోదరి, ఆ యింటి పొయ్యి తిరిగి వెలిగిన నాడును ఒకమారు పోయి, పెట్టినది తిని, బాగున్నదని చెప్పి రావలెనని మా మనవి.