పొరక పట్టిన ఇంగ్లీషు

ఆళ్లగడ్డ నుంచి ఓ తమ్ముడు ఉత్తరం రాశాడు. "అన్నా! మా హీరో సినిమా సీడెడ్‌లో కలెక్షన్లు స్వీప్ చేసిందని చదివి ఎగిరి గంతేశాను. మా అమ్మ ఇక్కడే స్వీపర్. నంద్యాల కాలేజీ అప్లికేషన్లో 'తల్లి వృత్తి' అన్నచోట ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇంకేదైనా మంచి ఇంగ్లీషు మాట ఉంటే చెప్పన్నా" అని.

ఒకటే మాట. సినిమా చేస్తే గంతేశాడు, అమ్మ చేస్తే చెయ్యి రావడం లేదు! ఈ వారం స్టూడియో కబుర్లు పక్కన పెట్టి ముందు ఈ సంగతి చూద్దాం.

స్వీప్ అంటే మన సీమ మాటలో కసువు ఊడ్చడమే. పొరక నేలను రాసుకుంటూ అటునుంచి ఇటు పోతుంది చూడండి, ఆ ఊపు ఇంగ్లీషువాడికి భలే నచ్చింది. మోకాలు వంచి బ్యాట్‌ని నేలబారుగా తిప్పితే క్రికెట్లో స్వీప్ షాట్ అన్నాడు. 1987 వరల్డ్ కప్ సెమీఫైనల్లో, బొంబాయి వాంఖడే మైదానంలో, గ్రాహం గూచ్ మన మణిందర్‌నీ రవిశాస్త్రినీ అదే పనిగా ఊడ్చి ఊడ్చి 115 పరుగులు చేశాడు. మనవాళ్లు ఇంటిదారి పట్టారు. మూడు రోజులు తిరక్కుండానే కలకత్తా ఫైనల్లో వాళ్ల కెప్టెన్ మైక్ గాటింగ్ రివర్స్ స్వీప్, అంటే పొరకని ఎదురు దిక్కుకి తిప్పడమన్నమాట, ఆడబోయి ఔటయ్యాడు. కప్పు కాస్తా ఆస్ట్రేలియా పట్టుకుపోయింది. ఊడ్చడం అందరికీ వచ్చే పని కాదు మరి!

పందెం గెలిచినవాడు సొమ్మంతా ఊడ్చుకుపోతాడు గనక గుర్రప్పందేల్లో స్వీప్‌స్టేక్స్ అనే మాట వచ్చింది. ఎన్నికల్లో, అవార్డుల్లో అనేదీ ఆ ఊడ్చుకుపోవడమే. అయితే స్వీప్ వేరు, క్లీన్ స్వీప్ వేరు సుమా! 'బెన్‌హర్' 12 ఆస్కార్ నామినేషన్లు పొంది 11 గెలిచింది. స్వీపే గాని, ఓ మూల నలుసు మిగిలిపోయింది. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడో భాగం 2004లో పదకొండుకి పదకొండూ ఎత్తుకుపోయింది. అదీ క్లీన్ స్వీప్.

అంత దూరం ఎందుకు, నంద్యాలనే చూడండి. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో కాంగ్రెస్ 41 ఊడ్చేసింది. పొరకకి అందకుండా మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాలే! జనతా పార్టీ తరఫున గెలిచిన నీలం సంజీవరెడ్డిగారు ఆ ఏడాదే రాష్ట్రపతి అయ్యారు. అదే నంద్యాల 1991 ఉపఎన్నికలో ప్రధాని పి.వి. నరసింహారావుగారికి 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీ ఇచ్చింది. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీ రామారావుగారు తన పార్టీ అభ్యర్థిని నిలబెట్టనేలేదు.

ఇక స్వీపర్. ఫుట్‌బాల్లో తోటివాళ్లని దాటుకుని వచ్చే బంతిని వెనకనుండి ఊడ్చేసే ఆటగాణ్ణి స్వీపర్ అంటారు. 1974లో పశ్చిమ జర్మనీకి ప్రపంచకప్పు గెలిచిపెట్టిన కెప్టెన్ బెకెన్‌బాయర్ స్వీపరే. జనం ఆయన్ని 'కైజర్' అని పిలుచుకున్నారు, అంటే చక్రవర్తి అని!

ఇదంతా నాకు అప్పుడు తెలీదు. తెలిస్తే మాత్రం బుద్ధిగా ఉండేవాణ్ణా అంటే, చెప్పలేను.

1980ల మొదట్లో నేను నంద్యాలలో హాస్టల్లో ఉండి చదువుకునేవాణ్ణి. గోడ దూకి సెకండ్ షోలకి పోయేవాళ్లం. మా హీరో (ఎవరని అడక్కండి, సగంమంది ఈ పేజీ చదవడం మానేస్తారు) తెరమీద కనబడితే చాలు, చించిన కాగితాలూ పాత లాటరీ టికెట్లూ గుప్పిళ్లతో ఎగరేసేవాళ్లం. మా క్లాసువాడొకడు మా పక్కనే కూర్చునేవాడు గాని ఒక్క ముక్క విసిరేవాడు కాదు. వీడు అవతలి హీరో అభిమాని అని గంపగుత్తగా తేల్చేశాం. దీన్నే ఇంగ్లీషులో స్వీపింగ్ స్టేట్‌మెంట్ అంటారు.

ఓ రాత్రి ఆట వదిలాక చెప్పులు మరిచిపోయి వెనక్కి పరిగెత్తాను. హాల్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి. వాడూ, వాళ్లమ్మా బెంచీల కింద వంగి మా కాగితాలు ఊడుస్తున్నారు. వాడు నన్ను చూశాడు. నా చెప్పులు తీసి ఇచ్చాడు కూడా.

మర్నాడు క్లాసులో అయ్యవారు వృత్తుల పేర్లతో ఇంగ్లీషు వాక్యాలు చెప్పమన్నారు. నేను లేచి, వాడికేసి చూస్తూ, "హిజ్ మదర్ ఈజ్ ఎ స్వీపర్" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. గ్రామర్ తప్పు లేదు గనక అయ్యవారు "గుడ్" అన్నారు. వాడు మళ్లీ మాతో సినిమాకి రాలేదు. సారీ అనే చిన్న ఇంగ్లీషు మాట నాకు ఆ ఏడాదంతా నోరు తిరగలేదు. పరీక్షలయ్యాక వాడు ఎటు పోయాడో తెలీదు.

అంచేత తమ్ముడూ, 'శానిటేషన్ వర్కర్' అనే మాట వాడుకలో ఉంది, అదీ మంచి మాటే. కానీ నన్ను కాదు, మీ అమ్మని అడుగు. ఆమె ఏది రాయమంటే అది రాయి. స్వీపర్ అనే రాసేటట్టయితే ఎస్, డబ్ల్యూ, రెండు ఈలు, పి, ఈ, ఆర్. సీటొచ్చాక ఉత్తరం రాయడం మరిచిపోకు.