భరణపత్రం



నెల రోజులుగా ఏమీ వ్రాయలేదు. వ్రాయాలని కూర్చున్న ప్రతిసారీ ఒకే విషయం మనసులో మెదులుతూ వచ్చింది. అది ఛందస్సు కాదు, వ్యాకరణమూ కాదు. అమెరికా ప్రభుత్వం వారి ఒక దరఖాస్తు పత్రం. తెలుగు పండితుడికి దానితో ఏమి పని అని మీరు నవ్వుకోవచ్చును. చివరిదాకా చదివిన తరువాత కూడా నవ్వు వస్తే నాకేమీ అభ్యంతరం లేదు.

మా కండ్లకోయ ఒకప్పుడు మేడ్చల్ పోయే దారిలో ఒక పల్లె. ఇప్పుడు నాగపూరు రహదారిని 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి కలిసే కూడలి. చుట్టూ ఇంజనీరింగు కళాశాలలు. పొలాలమ్మిన ఇళ్ళలోనూ, అమ్మకుండా నిలుపుకొన్న ఇళ్ళలోనూ ఎవరో ఒకరు అమెరికాలో ఉన్నారు. అందువల్ల వీసా కాగితాల సంగతి ఇక్కడ వానల సంగతి వలె నలుగురూ మాట్లాడుకొనేదే.

నా పాత విద్యార్థి ఒకడు కూతురిని వెంటబెట్టుకొని వచ్చాడు. అమ్మాయికి పెళ్ళయి ఏడాది కావస్తున్నది. అల్లుడు అక్కడి పౌరుడు. భార్యను పిలిపించుకోవడానికి దరఖాస్తు పెట్టాడు, అది ఆమోదం పొందింది. ఇంతలో అతని ఉద్యోగం పోయింది. ఇప్పుడు చేస్తున్న చిన్న పనికి వచ్చే ఆదాయం చాలదన్నారు. అక్కడే స్థిరపడిన అమ్మాయి మేనమామ జంట పూచీదారుగా సంతకం చేయడానికి ఒప్పుకున్నాడు. కాని ఒక షరతు పెట్టాడు.

"సార్, మీరు మంచి తెలుగుల ఒక కాగితం రాసియ్యాలె. బిడ్డ ఎన్నడూ ఆయన్ని గాని, అల్లుణ్ణి గాని పైసా అడగదని. అడిగితే ఆ బాధ్యత నాదని. మేం ముగ్గురం సంతకం పెడ్తం" అన్నాడు నా శిష్యుడు.

అమ్మాయి తల వంచుకొని కూర్చున్నది. నేను కాగితం తీశాను, కలం తీశాను. తరువాత కలం పక్కన పెట్టి, "ముందు ఆయన సంతకం పెట్టబోయే పత్రంలో ఏమున్నదో చూద్దాం" అన్నాను. ఆ పత్రాన్ని ముగ్గురిలో ఎవరూ చదవలేదు. మేనమామ కూడా చదివి ఉండడనిపించింది.

దాని పేరు ఐ-864. అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ అంటారు. నాలుగు రోజులు నిఘంటువు దగ్గర పెట్టుకొని, అమ్మాయి సాయంతో చదివాను. చదివిన కొద్దీ ఇది మన ఇళ్ళలో అందరూ అనుకొనే కాగితం కాదని తేలింది.

మన వారికి బాగా అలవాటైన పత్రం వేరొకటి ఉన్నది. పిల్లలను చదువుకు పంపేటప్పుడు తండ్రి బ్యాంకు నిల్వ, ఆస్తుల విలువ, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరణ అన్నీ కలిపి ఒక కట్ట తయారు చేస్తాము. అది చూపించడానికి. వీసా వచ్చాక దాని పని తీరిపోతుంది. ఏరు దాటి తెప్ప తగలేసినట్లు ఆ కట్టను మరచిపోతాము. ఐ-864 కూడా అటువంటిదే అనుకుంటున్నారు. అది కాదు. ఇది ఒప్పందం. సంతకం చేసినవాడికీ అమెరికా ప్రభుత్వానికీ మధ్య జరిగే ఒప్పందమైనా, దాన్ని న్యాయస్థానంలో అమలు చేయమని కోరే హక్కు వలస వచ్చిన వ్యక్తికి, అంటే మన అమ్మాయికి, నేరుగా ఉన్నది.

కొంచెం చరిత్ర చెప్పాలి. తనను తాను పోషించుకోలేక ప్రజలకు భారమయ్యేవారిని రానివ్వరాదన్న నియమం అమెరికా చట్టంలోకి 1882లోనే వచ్చింది. ఆ తరువాత చాలా కాలం బంధువులు పూచీపత్రాలు ఇస్తూ వచ్చారు. కాని అవి నైతికబాధ్యతలే తప్ప చట్టరీత్యా కట్టుబాట్లు కావని అక్కడి న్యాయస్థానాలు తీర్పులిచ్చాయి. అంటే నీటిమూటలన్నమాట. 1996లో వచ్చిన వలసచట్టం దీన్ని మార్చింది. 1997 డిసెంబరు 19 నుంచి ఐ-864 అమలులోకి వచ్చింది. అప్పటినుంచి మాట మూట కట్టినట్లయింది.

ఆ మాట ఏమిటి? వచ్చిన వ్యక్తిని దారిద్ర్యరేఖకు 125 శాతం ఆదాయస్థాయికి తగ్గకుండా చూస్తానన్నది. ఆ రేఖను అక్కడి ఆరోగ్యశాఖ ఏటా ప్రకటిస్తుంది. 2025లో ఇద్దరున్న కుటుంబానికి అది 21,150 డాలర్లు. అందులో 125 శాతమంటే 26,437 డాలర్ల చిల్లర. భర్త ఆదాయం అంతకు తగ్గితే జంట పూచీదారు కావాలి. మేనమామ ఇంట భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. మన అమ్మాయితో ఐదుగురు. ఐదుగురికి 2025 లెక్క 37,650. అందులో 125 శాతం 47,062 డాలర్ల పైచిలుకు. ఇందులో అల్లుడి సంపాదన కలిపి చూపడానికి లేదు, జంట పూచీదారు ఒక్కడే ఆ మొత్తం చూపాలి. అయినా భర్త కూడా తన పత్రం తాను విడిగా సంతకం చేయవలసిందే. బాధ్యత ఇద్దరి మీదా ఉంటుంది.

ఇది ఎన్నాళ్ళు? అసలు ప్రశ్న ఇదే. అమ్మాయి శాశ్వత నివాసిగా అక్కడ అడుగుపెట్టిన నాడు బాధ్యత మొదలవుతుంది. ఆమె పౌరురాలయినప్పుడు, లేదా 40 త్రైమాసికాల పని, అంటే సుమారు పదేళ్ళ పని, ఆమె ఖాతాలో చేరినప్పుడు, లేదా శాశ్వత నివాసం వదులుకొని దేశం విడిచి వెళ్ళినప్పుడు, లేదా ఇద్దరిలో ఒకరు మరణించినప్పుడు ముగుస్తుంది. ఈ జాబితాలో విడాకులు లేవు. రెండుసార్లు చదివాను. లేవు.

ఇక్కడ నా వృత్తిధర్మం ప్రకారం ఒక మాట చెప్పుకోవాలి. సంస్కృతంలో 'భృ' అన్న ధాతువుకు మోయడం, పోషించడం అని అర్థాలు. భరించేవాడు భర్త. భరింపదగినది భార్య. భరణం, భృతి, భారం అన్నీ ఆ ధాతువునుంచి పుట్టినవే. ముప్పై ఏళ్ళకు పైగా తరగతి గదిలో ఈ వ్యుత్పత్తి చెప్పాను. పిల్లలు వ్రాసుకొన్నారు, పరీక్షలో మార్కులు తెచ్చుకొన్నారు. ఆ మాటను ఇంత కచ్చితంగా, అంకెలతో సహా, కాగితం మీద పెట్టినది ఒక పరాయి ప్రభుత్వమన్న సంగతి ఈ వయసులో తెలిసింది. వాళ్ళు దాన్ని పెట్టింది మన ఆడపిల్లల మీద ప్రేమతో కాదు, తమ ఖజానా మీద భారం పడకూడదని. అయినా ఫలం ఆమెకు కూడా దక్కుతున్నది.

అందుచేత నా అభిప్రాయం ఇది. ఈ పత్రం అల్లుడి కాగితమో, మేనమామ కాగితమో కాదు. ఇందులో అమ్మాయి హక్కు ఉన్నది. కనుక విమానం ఎక్కే ముందు ఆమె దాన్ని పూర్తిగా చదవాలి. సంతకాలతో, పన్ను పత్రాలతో కూడిన నకలు ఆమె దగ్గర ఉండాలి. కళ్యాణానికి కట్టిన నగల పెట్టెకున్నంత భద్రత ఆ నకలుకూ ఉండాలి. ఆ హక్కును ముందే వదులుకొంటున్నట్లు ఆమెచేత వ్రాయించడం తప్పు. 2016లో అక్కడి తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానం, పెళ్ళికి ముందు చేసుకొన్న ఒప్పందం గాని విడాకుల తీర్పు గాని ఈ బాధ్యతను రద్దు చేయలేవని చెప్పింది. ఉద్యోగం వెదుక్కోలేదన్న కారణంతో ఈ పోషణను తగ్గించరాదని 2012లో ఏడవ సర్క్యూటు న్యాయస్థానం చెప్పింది. అయితే ఆమెకు నిజంగా వచ్చే ఆదాయం లెక్కలోకి వస్తుంది.

దీనికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు.

మొదటిది, పెళ్ళయిన ఏడాదికే విడిపోవడం గురించి ఆలోచించడం అశుభమని. జాతకాలు చూసి మాంగల్యబలం లెక్క కట్టేవాళ్ళం మనమే కదా! అక్కడ అడ్డు రాని అశుభం ఇక్కడెందుకు అడ్డు రావాలి?

రెండవది, ఇది మగపిల్లవాడి మీద మోయలేని భారమని, దుర్వినియోగం చేసేవారుంటారని. ఉంటారేమో. కాని హామీ ఇచ్చినది ఐశ్వర్యం కాదు. దారిద్ర్యరేఖకు కాస్త పైన, అంతే. దాన్ని రాబట్టుకోవాలన్నా ఆ అమ్మాయి పరాయి దేశంలో న్యాయవాదిని పెట్టుకొని వ్యాజ్యం వేయాలి. చట్టం ఆ ఖర్చులు కూడా ఇప్పించవచ్చునన్నది గాని, అది గెలిచిన తరువాతి మాట.

మూడవది మేనమామ పక్షం. నిజానికి దీన్నే నేను ఎక్కువగా గౌరవిస్తాను. ఆయన తన పిల్లల చదువులు చూసుకోవలసినవాడు. మేనకోడలు ప్రభుత్వ సహాయం తీసుకొంటే ఆ సంస్థ ఆయన దగ్గర వసూలు చేయగలదు. అటువంటివాడిని "ఊరికే ఒక సంతకం, అంతే" అని మొహమాటపెట్టి ఒప్పించడం మన వైపు నుంచి జరిగిన మోసం. ఆయన తనను కాపాడుకోవడానికి అమ్మాయి హక్కును తీసుకోబోవడం రెండవ తప్పు. రెండూ చదవకపోవడం వల్ల వచ్చినవే.

మరొక సంగతి కూడా మన ఊళ్ళలో తెలియాలి. ఈ రక్షణ అందరికీ లేదు. హెచ్-4 వీసా మీద వెళ్ళే కోడళ్ళకు ఈ పత్రం ఉండదు. భర్త ఉద్యోగం ద్వారా అతనితో పాటు గ్రీన్‌కార్డు పొందే భార్యకు కూడా, ఆ సంస్థ బంధువులది అయితే తప్ప, సాధారణంగా ఉండదు. మన తెలుగు ఆడపిల్లలలో చాలామంది వెళ్ళేది ఈ దారులలోనే. భర్త పౌరుడో శాశ్వత నివాసో అయి, భార్య కోసం తానే దరఖాస్తు పెట్టినప్పుడే ఇది వస్తుంది. కనుక "అమెరికా చట్టం చూసుకుంటుందిలే" అని ఎవరూ నిశ్చింతగా ఉండరాదు. ఏ దారిన వెళుతున్నదో తెలుసుకొని పంపాలి.

ఇక జరిగినది చెప్పి ముగిస్తాను. నేను ఆ హామీకాగితం వ్రాయలేదు. బదులుగా ఐ-864లోని ముఖ్యమైన నిబంధనలను తెలుగులో రెండు పుటలు వ్రాసి ఇచ్చాను. దాన్ని మేనమామకు పంపమన్నాను. నా శిష్యుడి ముఖం చిన్నబోయింది. "సార్, ఇది చదివితే ఆయన వెనక్కు పోతడేమో" అన్నాడు. చదవకుండా ముందుకు వచ్చినవాడు నిజంగా వచ్చినట్లా అని అడిగాను. జవాబు చెప్పలేదు.

వారం తరువాత మేనమామ ఫోను చేశాడు. పదేళ్ళ మాట తనకు తెలియదని, ఇంట్లో ఆలోచించుకొన్నామని, సంతకం చేయలేనని మర్యాదగానే చెప్పాడు. తప్పు పట్టలేను. అల్లుడు మెరుగైన ఉద్యోగం కోసం ప్రయత్నిస్తున్నాడు. వస్తే అతని పత్రం ఒక్కటే చాలు. అందాకా ఎదురుచూడవలసిందే.

ఒక అమ్మాయి భర్తను చేరుకోవడం నా రెండు పుటల వల్ల ఆలస్యమైంది. ఆ సంగతి నన్ను రాత్రులు నిద్రపోనివ్వలేదు. మొన్న ఆమె వచ్చి, ఆ పుటల నకలు మరో రెండు కావాలన్నది. ఎందుకమ్మా అన్నాను. "ఒకటి ఆయనకు పంపుతా సార్. ఆయన కూడా చదవలేదట. ఇంకొకటి నా స్నేహితురాలికి, వచ్చే నెల ఆమె పెళ్ళి" అన్నది. ఇచ్చాను.

మీలో అమెరికాలో ఉన్నవారు చాలామంది. ఈ పత్రం మీద సంతకం చేసినవారూ, దాని మీద అక్కడికి వెళ్ళినవారూ ఉండే ఉంటారు. చదివే సంతకం చేశారా? మేనమామ స్థానంలో మీరుంటే ఏమి చేసేవారు? నేను చేసినది తప్పనిపిస్తే మొహమాటం లేకుండా వ్రాయండి.

స్వస్తి.