108 కార్మికునికి ఆకలి కాదా?

టిఫిన్ డబ్బా మూత తీస్తరు. కాల్ వస్తది. మూత పెట్టి బండి స్టార్ట్ చేస్తరు. 108ల పనిచేసేటోళ్లను అడగండి, ఇదే గోస చెప్తరు. అక్కడ డ్రైవర్‌ను పైలెట్ అంటరు. పేరు మాత్రం గొప్పదే! విమానం నడిపే పైలెట్‌కు ఇన్ని గంటల తర్వాత ఇంత విశ్రాంతి ఇయ్యాలెనని నిబంధనలున్నయి. మరి ఈ పైలెట్‌కు?

లారీ, బస్సు కార్మికుల కోసం 1961ల మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని. ఏకబిగిన 5 గంటలకు మించి పని చేయించొద్దు, నడుమ కనీసం అరగంట విశ్రాంతి ఇయ్యాలె అన్నది 15వ సెక్షన్. మంచిదే. కానీ అదే చట్టంల 38వ సెక్షన్ ఏమన్నది? రోగులను, గాయపడ్డోళ్లను మోసే బండ్లకు ఇది వర్తించదన్నది! సిమెంటు బస్తాలు మోసేటోనికి అరగంట ఉన్నది, కొనఊపిరితో ఉన్న మనిషిని మోసేటోనికి లేదు. 2025 నవంబర్ 21న అమలుకొచ్చిన కార్మిక కోడ్‌తోని ఆ పాత చట్టం పోయింది. ఆ బుద్ధి మాత్రం పోలేదు.

ఇది మన దగ్గరి ముచ్చటే అనుకోవద్దు. మన పిల్లలు కొలువులకు పోయే కాలిఫోర్నియాల కూడా ఇదే లొల్లి అయింది. అక్కడ 5 గంటలు దాటి పనిచేస్తే అరగంట అన్నం విరామం, 4 గంటలకు 10 నిమిషాల విశ్రాంతి ఇయ్యాలె. రేడియో దగ్గర పెట్టుకొని పిలుపు కోసం చూసుడు విశ్రాంతి కాదని 2016ల సెక్యూరిటీ గార్డుల కేసుల ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. అంబులెన్స్ కంపెనీలకు గుబులు పుట్టింది. అమెరికన్ మెడికల్ రెస్పాన్స్ అనే కంపెనీ దాదాపు 3 కోట్ల డాలర్లు కుమ్మరించింది. 2018 నవంబర్‌ల ప్రపోజిషన్ 11 పేరుతోని జనం ఓటుకు పెట్టిన్రు. అంబులెన్స్ కావాల్నా వద్దా అన్నట్టు అడిగితే ఎవరు వద్దంటరు? నూటికి దాదాపు 60 ఓట్లు పడ్డయి. విరామంల కూడా కాల్‌కు సిద్ధంగుండుడు చట్టమైంది. ఉన్నమాట చెప్పాలె, కాల్‌తోని ఆగిన విరామాన్ని లెక్కల పట్టొద్దని, సరిపడ సిబ్బందిని పెట్టాలెనని కూడా అండ్ల ఉన్నది. మన దగ్గర ఆ మాత్రమన్నా కాయితం మీద పెట్టమని అడగాలె.

కాల్ వస్తే పోమని ఎవరూ అంటలేరు. ఎదుటి మనిషి పాణం పోతుంటే ముద్ద మింగుడు ఎవరితోనైతది? అడిగేది ఒక్కటే. ఈ బండి ఆగిన అరగంటకు ఇంకో బండి, ఇంకో జట్టు ఉండాలె. అంటే ఖర్చు. ఆ ఖర్చు తప్పించుకోనీకే 'అత్యవసర సేవ' అన్న మాటను అడ్డం పెడుతున్నరు. డ్యూటీల పదో గంట నడుస్తుంటే, ఖాళీ కడుపుతోని, నిద్ర కండ్లతోని హైవే మీద బండి నడిపిస్తే వెనుక పండిన రోగికి ఏం భద్రత?

హైదరాబాద్‌ల 2005 ఆగస్టు 15న 108 మొదలైంది. పైసలు సర్కారువి, కార్మికులు మాత్రం ప్రైవేటు సంస్థ జీతగాళ్లు. సర్కారును అడిగితే సంస్థ దిక్కు చూపిస్తది. సంస్థను అడిగితే టెండర్ దిక్కు చూపిస్తది. సరే, టెండర్‌లనే రాయండి. 12 గంటల డ్యూటీల పైలెట్‌కు, ఈఎంటీకి విరామం ఎప్పుడు, ఆ యాళ్లకు ఆ మండలానికి ఏ బండి అన్నది ఒక వరుస రాయండి. ఏ బండి ఎక్కడున్నదో కాల్ సెంటర్ కంప్యూటర్‌కు తెలుస్తనే ఉంటది. అండ్ల కూసున్నోళ్లు పొద్దటిసంది తిన్నరా లేదా అన్నది కూడా అదే కంప్యూటర్‌ల ఎక్కియ్యొచ్చు.